దేశాల పేర్ల విశేషణాలు: నోట్సులో మూడో గడి గీసుకోండి

టీచర్ పోస్టుల డీఎస్సీకో, స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్‌ఎస్‌సీ) పరీక్షలకో చదివేవాళ్ల నోట్సుల్లో ప్రాపర్ అడ్జెక్టివ్స్ (ఇంగ్లిష్‌లో పేర్ల నుంచి వచ్చే విశేషణాలు) అనగానే ‘ఇండియా – ఇండియన్, చైనా – చైనీస్’ అంటూ రెండు గడుల పట్టిక కనిపిస్తుంది. దాన్ని ఎంత బట్టీ పట్టినా, తప్పును గుర్తించే ప్రశ్న దగ్గర చేయి ఆగిపోతుంది. అక్కడ విశేషణంతో పాటు ఆ దేశపు మనిషిని ఏమంటారో కూడా తెలియాలి. అందుకే మూడో గడి.

స్పెయిన్ – స్పానిష్ – స్పానియార్డ్. పోలండ్ – పోలిష్ – పోల్. టర్కీ – టర్కిష్ – టర్క్. స్వీడన్ – స్వీడిష్ – స్వీడ్. డెన్మార్క్ – డేనిష్ – డేన్. ‘హీ ఈజ్ స్పానిష్’ ఒప్పు. ‘హీ ఈజ్ ఎ స్పానిష్’ తప్పు, ఎందుకంటే ‘ఎ’ పెట్టాక వెనక నామవాచకం ఉండాలి. ఇండియన్, ఇటాలియన్, పాకిస్తానీ లాంటి మాటలు విశేషణంగానూ, మనిషి పేరుగానూ పనికొస్తాయి. రోజూ వాడేవి అవే కావడంతో మిగతావీ అంతేననుకుంటాం.

‘ద’ చేరితే ఇంకో మెలిక. ‘ద ఫ్రెంచ్’ అంటే ఫ్రాన్స్ ప్రజలందరూ, కాబట్టి క్రియ ‘ఆర్’. ఒట్టి ‘ఫ్రెంచ్’ అంటే భాష, క్రియ ‘ఈజ్’. ద బ్రిటిష్, ద డచ్, ద జపనీస్ ఇదే దారి, చివర ఎస్ చేరదు. ఇండియన్, పాకిస్తానీ లాంటివాటికి మాత్రం బహువచనంలో ఎస్ తప్పనిసరి.

మన తప్పుల్లో చాలావాటికి మూలం తెలుగులోనే ఉంది. చైనా వస్తువులు, జపాన్ కార్లు, రష్యా నవలలు అంటాం. దేశం పేరు మార్చకుండానే విశేషణంగా పనిచేస్తుంది. అదే అలవాటుతో ఇంగ్లిష్‌లో ‘చైనా గూడ్స్’ అని రాసేస్తాం. అక్కడ ‘చైనీస్ గూడ్స్’ అనాలి. న్యూజిలాండ్ మాత్రం మారకుండానే విశేషణమవుతుంది, మనిషైతే న్యూజిలాండర్. మన లిపిలో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా లేకపోవడం ఇంకో కారణం. పెద్ద పీతో మొదలైతే పోలిష్, పోలండ్‌ది. అవే అక్షరాలు చిన్న పీతో మొదలైతే పాలిష్, బూట్లకు వేసేది! వ్యాసాలు, లేఖలు రాసే డిస్క్రిప్టివ్ పేపర్లో ఈ ఒక్క అక్షరాన్ని తిరిగి చూసుకోండి.

‘ఎ’, ‘ఏన్’ దగ్గర ఉచ్చారణను తెలుగులో రాసి చూడండి. ఇండియన్ అచ్చుతో మొదలవుతుంది, ‘ఏన్’. యూరోపియన్ ‘య’తో మొదలవుతుంది, ‘ఎ’. మన పత్రికల్లో ఉక్రెయిన్ అని చదివి చదివి ‘ఏన్’ పెట్టేస్తారు. ఇంగ్లిష్ ఉచ్చారణ యూక్రేనియన్, కాబట్టి అక్కడా ‘ఎ’ మాత్రమే.

స్పెల్లింగులో మూడింటిని పదేసిసార్లు చేత్తో రాయండి. పోర్చుగీస్‌లో జీ తర్వాత యూ ఉంటుంది. ఫిన్లాండ్ వాళ్ల ఫిన్నిష్‌లో రెండు ఎన్‌లు. ఫిలిప్పీన్స్ పీహెచ్‌తో మొదలైనా ఫిలిపినో ఎఫ్‌తోనే. ఆఫ్ఘనీ అనేది అక్కడి కరెన్సీ, విశేషణమూ మనిషీ ఆఫ్ఘన్.

విశేషణాల వరుసక్రమం ప్రశ్నల్లో రంగు తర్వాత దేశం, దేశం తర్వాత పదార్థం: ‘ఎ స్మాల్ రెడ్ చైనీస్ సిల్క్ బ్యాగ్’.

నలభై దేశాలతో మొదలుపెట్టండి, రోజుకు పది చాలు. రాయడం అయ్యాక మొదటి గడి మాత్రం కనబడేలా మిగతా రెండూ మూసి పైకి చెప్పండి. తడబడినవాటికే మర్నాడు ఒక్కో వాక్యం రాయండి. ఇంగ్లిష్ పత్రికలో క్రీడల పేజీ ఇందుకు మంచి సాధన. టెన్నిస్ వార్తల్లో స్పానియార్డ్, స్విస్, డేన్ అనే మాటలు మనిషి పేరుకు బదులుగా తరచూ వస్తుంటాయి. వాటి కింద గీత గీసి, మూడో గడిలో ఉన్నాయో లేదో చూసుకోండి.