2009 నాటి లేజర్ ప్రింటర్: కాగితం లాగడం మానేసిన తొమ్మిది రోజుల దినచర్య

శనివారం

నేను ఇంట్లో పని చేసుకునే గదిలోని నలుపు తెలుపు లేజర్ ప్రింటర్‌ను 2009లో కొన్నాను. నిన్న సాయంత్రం వరకు ఏ తేడా లేకుండా పనిచేసిన యంత్రం, రాత్రి తొమ్మిదింటికి జీఎస్‌టీ చలానా ఒకటి ప్రింట్‌కు పంపగానే మోటారు చప్పుడు మాత్రం చేసి, కాగితాన్ని కదిలించకుండా ఎర్ర దీపం వెలిగించుకుని కూర్చుంది. ఇంట్లో వాళ్లు కొత్తది కొనేయమంటున్నారు. నాకేమో మనసు ఒప్పలేదు. మేము నెలకు ముప్పై పేజీలు కూడా తీయం; అంత తక్కువ వాడకానికి ఇంక్ ప్రింటర్ కొంటే నాజిళ్లలో సిరా ఎండిపోయి మరో తలనొప్పి మొదలవుతుంది, లేజర్‌లో ఉండేది పొడి కనుక నెలల తరబడి వాడకపోయినా దానికి ఎండిపోయే గొడవ లేదు. పైగా ఆదివారాలు స్క్రూడ్రైవర్ పట్టుకోవడం నాకు ఎలాగూ అలవాటే.

తప్పు కంప్యూటర్‌లో ఉందా, యంత్రంలో ఉందా అన్నది ముందు తేల్చుకోవాలి. విండోస్ సర్వీసుల జాబితాలో, ప్రింట్‌కు పంపిన వాటిని వరసలో పెట్టి యంత్రానికి అందించే ప్రింట్ స్పూలర్‌ను ఆపి, సీ డ్రైవ్‌లో విండోస్, అందులో సిస్టమ్32, అందులో స్పూల్, అందులో ప్రింటర్స్ అనే ఫోల్డర్ తెరిచి చూస్తే, రాత్రి నేను విసుగుతో మళ్లీ మళ్లీ పంపిన చలానా కాపీలన్నీ అక్కడే పేరుకుని ఉన్నాయి. వాటిని తొలగించి స్పూలర్‌ను తిరిగి నడిపించాను. ఫలితం మారలేదు. ఆలోచిస్తే, ప్రింట్ నొక్కిన ప్రతిసారీ మోటారు తిరుగుతోందంటే ఆదేశం యంత్రానికి చేరుతున్నట్టే కదా, కేబుల్‌నూ డ్రైవర్‌నూ అనుమానించడం అనవసరం. ఈ మాట మొదటే తట్టి ఉంటే గంట మిగిలేది.

వానాకాలం కాబట్టి కాగితం మీదికి దృష్టి పోయింది. ట్రేలో పదిహేను రోజులుగా ఉన్న కాగితాలు తేమ పీల్చుకుని అంచుల దగ్గర వంపు తిరిగాయి. వాటిని తీసేసి, కొత్త 75 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 75 గ్రాములు తూగే) కాగితాల కట్ట విప్పి, ఒకదానికొకటి అంటుకోకుండా విసనకర్రలా ఆడించి పెట్టాను. అయినా కదల్లేదు.

ఆదివారం

ప్లగ్ పూర్తిగా తీసి అరగంట ఆగాను. పొడిని కరిగించి కాగితానికి అంటించే ఫ్యూజర్ భాగం దాదాపు 200 డిగ్రీల వరకు వేడెక్కుతుంది కాబట్టి తొందరపడితే చేతులు కాలతాయి. పొడి ఉండే డబ్బాను, అంటే టోనర్ కాట్రిడ్జ్‌ను, బయటికి తీసి నల్లగుడ్డ కప్పి పెట్టాను; అందులోని డ్రమ్ వెలుతురుకు స్పందించే పూత గలది, ఎండలో వదిలేస్తే పాడవుతుంది. కాగితాన్ని లాగే రోలర్ రబ్బరు నున్నగా, అద్దంలా మెరుస్తోంది. దొంగ దొరికాడనుకున్నాను. తడిగుడ్డతో గట్టిగా తుడిచి, ఆరనిచ్చి, వరసగా ప్రింట్లు ఇస్తే పదిలో చివరి మూడు కాగితాలు చక్కగా బయటికి వచ్చాయి. తుడిస్తేనే ఇంత ఫలితం ఉంటే కొత్త రోలర్ వేస్తే పూర్తిగా బాగవుతుందని నిశ్చయించుకున్నాను. సోమవారం ఉదయానికి మళ్లీ మొదటికే వచ్చింది.

గురువారం

బుధవారం సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి రోలర్, దానికింద ఒక్కొక్క కాగితాన్నే వదిలే సెపరేషన్ ప్యాడ్, రెండూ కలిపి 250 రూపాయలకు తెచ్చాను. ఈ రాత్రి రెండూ బిగించాను. కొత్త రబ్బరు వేలికి పట్టుకుంటోంది. ప్రింట్ నొక్కితే అదే చప్పుడు, అదే ఎర్ర దీపం.

అప్పుడు మాత్రమే, ఆరు రోజుల కిందటే చేయవలసిన పని చేశాను. ట్రే లోపలికి టార్చ్ వేసి, ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీశాను. రోలర్ కాగితం మీద జారుతోందని నేను ఇన్నాళ్లూ అనుకున్నాను. వీడియోలో చూస్తే అది అసలు తిరగడమే లేదు. ఐదో ప్రయత్నంలో తిరిగింది, అదీ మోటారు మొదలైన చాలాసేపటికి. ఇంతలోపు కాగితం సెన్సర్ దగ్గరికి చేరాలని యంత్రానికి ఒక గడువు ఉంటుంది; అది దాటితే కాగితం అందలేదని తేల్చి ఆగిపోతుంది. రోలర్ జారితే రబ్బరుది తప్పు, తిరగకపోతే దాన్ని తిప్పే వ్యవస్థది తప్పు. ఈ రెంటినీ విడదీసి చూడకుండా 250 రూపాయలు ఖర్చు పెట్టాను.

శనివారం

కుడివైపు మూత విప్పాను. నాలుగు స్క్రూలు తేలికగానే వచ్చాయి గానీ, లోపల కొక్కేలు ఉన్నాయని గమనించక లాగడంతో ఒకటి విరిగింది.

మూత కింద పళ్లచక్రాల గుంపు పక్కన అగ్గిపెట్టెలో సగం ఉండే సోలినాయిడ్ కనిపించింది. అది విద్యుదయస్కాంతం. దాని ఎదుట స్ప్రింగుతో వెనక్కి లాగి ఉంచిన చిన్న ఇనుప రేకు, రేకు చివర ఒక కొక్కెం, ఆ కొక్కెం రోలర్ చక్రాన్ని ఆపి పట్టుకుని ఉంటుంది. కరెంటు రాగానే అయస్కాంతం రేకును లాగుతుంది, కొక్కెం తప్పుకుంటుంది, రోలర్ ఒక్క చుట్టు తిరిగి కాగితాన్ని లోపలికి తోస్తుంది. రేకు తిరిగి వచ్చి ఆనుకునే చోట చప్పుడు రాకుండా పలచటి స్పాంజి ముక్క అంటించారు. ఇన్నేళ్ల వేడికి ఆ స్పాంజి కరిగి నల్లటి జిగురైంది. రేకును గోటితో మెల్లగా లేపితే పనస పాలలా సన్నటి పోగులు సాగి, తెగి, మళ్లీ ముడుచుకున్నాయి. అయస్కాంతం లాగుతూనే ఉంది, జిగురు వదలడం లేదు.

ఆదివారం మూడు కాగితాలు ఎందుకు వచ్చాయో కూడా ఇక్కడే తెలిసింది. వెంటవెంటనే ప్రింట్లు ఇస్తుంటే రేకు గట్టిగా అంటుకునే వ్యవధి ఉండదు; రాత్రంతా ఆనుకుని ఉంటే పొద్దుటికి బిగుసుకుపోతుంది. ఆ రోజు నేను తుడిచిన తుడుపుకు ఇందులో భాగమేమీ లేదు.

మిగిలిన స్పాంజిని పళ్లపుల్లతో గీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూది పుల్లతో రేకునూ, అది ఆనే చోటునూ మెరిసేదాకా తుడిచాను. థిన్నర్ వాడకూడదు, ప్లాస్టిక్‌ను తినేస్తుంది. స్పాంజి స్థానంలో వైరింగ్‌కు వాడే గుడ్డ టేపు రెండు పొరలు అంటించాను. నల్ల ఇన్సులేషన్ టేపు చేతికి అందేంత దూరంలోనే ఉంది గానీ, వేడికి దాని జిగురు అంచుల్లోంచి ఊరుతుంది, మళ్లీ అదే కథ. బిగించి ప్రింట్ ఇస్తే ఈసారి రోలర్ ఆగకుండా తిరిగి రెండో కాగితాన్ని కూడా లాగేసింది. రెండు పొరల మందం వల్ల రేకు పూర్తిగా వెనక్కి వెళ్లలేక, కొక్కెం చక్రాన్ని అందుకోవడం లేదని అర్థమైంది. ఒక పొర తీసేశాను. పది కాగితాలు, తర్వాత ఇరవై, అన్నీ సరిగ్గా వచ్చాయి.

ఆదివారం

ఈ జబ్బు బయటపడేది రాత్రంతా కదలకుండా ఉన్న తర్వాతే కాబట్టి నిన్నటి ఫలితాన్ని నేను లెక్కలో వేసుకోలేదు. ఉదయం ఆరున్నరకు, కాఫీ కన్నా ముందు, ఒక పేజీ ఇచ్చాను. మోటారు మొదలైన వెంటనే టక్కుమని రేకు చప్పుడు వినిపించింది, కాగితం లోపలికి వెళ్లింది. స్పాంజి లేనందువల్ల ఆ చప్పుడు ఇకమీద ఉంటుంది. ఆగిపోయిన జీఎస్‌టీ చలానా కూడా తీసుకున్నాను. విరిగిన కొక్కెం వైపు మూత కొంచెం ఊగుతోంది, దానికి టేపు వేశాను. పాత రోలర్‌ను పారేయకుండా కవర్లో పెట్టి, పైన తేదీ రాసి, సొరుగులో ఉంచాను.