వి-క్రాస్‌కి కొత్త టైర్లు: రాయగడ రోడ్ల మీద మైలేజీ లెక్కలు

మా ఇసుజు పికప్ వి-క్రాస్‌కి టైర్లు మార్చే పని ఎట్టకేలకు పూర్తయింది. పాతవి అరుగుదల గుర్తు దగ్గరికి వచ్చేశాయి. గాడుల లోపల అక్కడక్కడా అడ్డంగా కనిపించే చిన్న రబ్బరు దిమ్మలే ఆ గుర్తు. గ్రిప్పు వాటితో సమానమైందంటే మిగిలింది 1.6 మిల్లీమీటర్లే. వానల్లో సుంకి ఘాట్ దిగే బండికి అది ఏ మూలకీ చాలదు.

టైరు ఎంపికంతా వాడకాన్ని బట్టే ఉంటుంది కాబట్టి ముందు అది చెప్తాను. రోజూ రాయగడ ఊళ్లో తిరుగుడు, తరచూ కూనేరు మీదుగా పార్వతీపురం, అప్పుడప్పుడు కోరాపుట్ నుంచి సాలూరు దిగడం. జీడితోటకి వెళ్లే చివరి ముక్క ఒక్కటే ఎర్రమట్టి దారి. పంట రోజుల్లో వెనక పిక్కల బస్తాలుంటాయి, మిగతా ఏడాదంతా దాదాపు ఖాళీ.

మా బావ మొదట్నుంచీ ఏటీ (ఆల్ టెరైన్, మట్టికీ తారుకీ పనికొచ్చే రకం) టైర్లే అన్నాడు. "ఏటి బావా, పికప్ కొనుక్కుని కారు టైర్లేస్తావా?" అని షాపులోనే పట్టుబట్టాడు. ఏటీ అందంగా ఉంటుంది, మట్టిలో పట్టు బాగుంటుంది, కూనేరు దగ్గర గోతుల్లో పడ్డా సైడ్‌వాల్ తట్టుకుంటుంది. కాదనను. కానీ టైరు మీది ఆ పెద్ద పెద్ద రబ్బరు గుండీలు తారు మీద నలుగుతూ తిరుగుతాయి, ఆ నలగడంలోనే డీజిల్ వేడిగా మారి పోతుంది. పైగా టైరు బరువు, చప్పుడు. ఏడాదిలో తోట దారి బురదయ్యేది వానాకాలం నాలుగు నెలలే, అప్పుడు కూడా ఫోర్ వీల్ వేస్తే హెచ్‌టీ (హైవే టెరైన్, తారు రోడ్డు రకం) టైర్లతోనే బయటపడుతున్నాను. మట్టి దారిలోనే పొద్దంతా తిరిగే బండైతే మాత్రం బావ మాటే వినండి. నేను హెచ్‌టీ తీసుకున్నాను. అపోలో వాళ్ల ఆప్టెరాలో హెచ్‌టీ2, ఏటీ2 రెండూ ఉన్నట్టే చాలా కంపెనీలు రెండు రకాలూ చేస్తాయి. అందుకని షాపులో బ్రాండు పేరుతో ఆగకుండా రకం కూడా అడగాలి.

సైజు దగ్గర కూడా ఆశ పుట్టింది. నా బండికి కంపెనీ ఇచ్చింది 245/70 ఆర్16, అంటే వెడల్పు 245 మిల్లీమీటర్లు, సైడ్‌వాల్ ఎత్తు అందులో 70 శాతం, రిమ్ము 16 అంగుళాలు. అదే రిమ్ముకి 265/70 వేస్తే బండి ఎత్తుగా కనిపిస్తుంది. లెక్క వేసి చూశాను. 245 టైరు మొత్తం ఎత్తు 749 మిల్లీమీటర్లు, 265ది 777. అంటే సుమారు 3.7 శాతం పెద్దది. మీటర్ 80 చూపిస్తే నిజం వేగం ఆ టైరు లెక్కన 83. ఘాట్ ఎక్కేటప్పుడు గేరు బరువెక్కుతుంది, వెడల్పు పెరిగినకొద్దీ గాలి ఆపడమూ పెరుగుతుంది. రోజువారీ బండికి ఈ మార్పు దండగని నా అభిప్రాయం. సైజు పక్కన ఉండే లోడ్ నంబరు మాత్రం తగ్గనివ్వకండి. నావి 111, అంటే ఒక్కో టైరు 1,090 కిలోలు మోస్తుంది. అదే సైజులో 107 దొరికినా అది 975 కిలోలే. తయారీ తేదీ నాలుగంకెల్లో ఉంటుంది: 2324 అంటే 2024లో 23వ వారం. షాపతను తెచ్చిన నాలుగూ పక్కపక్కన పెట్టి టార్చి వేసి చదివాకే ఎక్కించమన్నాను.

ఇక అసలు విషయం. కొత్త టైర్లు వేయించాక మైలేజీ పడిపోయిందని అందరూ అంటారు. నాకూ మొదటి రెండు ఫుల్ ట్యాంకులకే అలాగే వచ్చింది: పాత టైర్లతో 12.6, కొత్తవాటితో 12.3. అయితే అరిగిన టైరు చిన్నది. ఎనిమిది మిల్లీమీటర్ల గ్రిప్పు రెండున్నరకి దిగితే టైరు ఎత్తు 11 మిల్లీమీటర్లు తగ్గుతుంది, ఒకటిన్నర శాతం అన్నమాట. చిన్న చక్రం అదే దూరానికి ఎక్కువ చుట్లు తిరుగుతుంది, మీటర్ మాత్రం చుట్లనే లెక్కపెడుతుంది. వెయ్యి కిలోమీటర్లకి 15 కిలోమీటర్లు ఊరికే కలిపి చూపిస్తుంది. అది తీసేస్తే పాత టైర్ల మైలేజీ 12.4. తేడా 0.1 మిగిలింది. అరిగిన టైరులో నలిగే రబ్బరు తక్కువ కాబట్టి ఆ కాస్తా సహజమే. 326 నంబరు జాతీయ రహదారి మీద కిలోమీటరు రాళ్లతోనూ ఫోన్ మ్యాపుతోనూ మీటర్‌ని పోల్చి చూశాక ఈ లెక్క మీద నాకు నమ్మకం కుదిరింది. ఇది చెయ్యకుండా ఏ టైరునీ తిట్టకండి, మెచ్చుకోకండి. డీజిల్ కూడా ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర, ఆటోకట్ పడగానే (పంపు దానంతటదే ఆగగానే) ఆపించి కొలవాలి. మా దగ్గర ఆంధ్ర కంటే ఒడిశాలో డీజిల్ తక్కువ ధర కాబట్టి బోర్డర్ దాటక ముందే నింపేస్తాను, దాంతో ఆ అలవాటు తేలిగ్గానే కుదిరింది.

గాలి సంగతికొస్తే, ఒక్క పాయింటు (పీఎస్‌ఐ) తగ్గితే ఇంధనం సుమారు 0.2 శాతం పోతుందని అమెరికా ఇంధన శాఖ లెక్క. అయిదు పాయింట్లు తగ్గిందంటే ఒక శాతం. టైరు వేడెక్కాక చూసిన కొలత పనికిరాదు. పది డిగ్రీల తేడాకి దాదాపు రెండు పాయింట్లు మారుతుంది. రాయగడలో చలికాలం పొద్దున్నే చూస్తే ఎండాకాలంలో పెట్టిన గాలి తప్పకుండా తక్కువే ఉంటుంది. అందుకే సొంత గాలి మీటర్ కొన్నాను. బండి తీయక ముందు, పొద్దున్నే, ఇంట్లోనే చూస్తాను. ఖాళీ బండికి ముందూ వెనకా డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ చెప్పినంతే, బస్తాలు వేసే రోజు వెనక టైర్లకి అదే స్టిక్కర్ మీదున్న లోడ్ అంకె. దించేశాక మళ్లీ తగ్గించాలి, లేకపోతే ఖాళీగా తిరిగే రోజుల్లో వెనక టైరు మధ్యలో అరిగిపోతుంది.

ఇప్పటికి అరుగుదల నాలుగింటికీ సమానంగానే ఉంది. అలైన్‌మెంట్ చేయించాను. స్టెప్నీ కూడా అదే సైజు, అదే రకం కొన్నాను. పదివేల కిలోమీటర్లకి రొటేషన్ చేయించేటప్పుడు దాన్నీ కలిపి అయిదు టైర్లనూ ఒకదాని చోటికి ఇంకొకటి మార్పిస్తాను.