49 సార్లు

ఇవాళ సగం రోజు పీవీసీ పైపు కోయడానికే పోయింది. నా ఏకపాత్రకు రెక్కలు కావాలి. పైపు ముక్కలు, ఒక తెల్ల దుప్పటి, గుప్పెడు పిన్నీసులు. భుజాలకు తగిలించుకుని ఇటు తిరిగానో లేదో ఎడమ రెక్క వెళ్లి ఫ్యాన్‌ని కొట్టింది. ఫ్యాన్ ఆపి ఉంది కాబట్టి సరిపోయింది.

ఈ రెక్కలు నా ఊహ కాదు. 1998 అక్టోబరులో అమెరికాలోని వయోమింగ్‌లో మాథ్యూ షెపర్డ్ అనే 21 ఏళ్ల కుర్రాణ్ణి కంచెకు కట్టేసి, కొట్టి, వదిలేసి పోయారు. గే కుర్రాడు. ఆసుపత్రిలో ప్రాణం పోయింది. మరుసటేడు విచారణప్పుడు అతన్ని దూషించే ప్లకార్డులతో కొందరు కోర్టు దగ్గర చేరితే, అతని స్నేహితురాలు రోమైన్ ప్యాటర్సన్ బృందం ఇలాంటి రెక్కలు కట్టుకుని వాళ్లకు అడ్డంగా నిలబడింది. రెక్కలు కట్టుకున్నవాళ్లు ఒక్కరూ నోరెత్తలేదు. 2016లో ఫ్లోరిడాలోని ఆర్లాండోలో కాల్పులకు బలైనవాళ్ల అంత్యక్రియలప్పుడు మళ్లీ అవే రెక్కలు. ఈసారి తయారు చేసింది అక్కడి నాటకాల వాళ్లు.

నా నాటకం ఆ ఆర్లాండో గురించే. పల్స్ అనే గే క్లబ్, లాటిన్ పాటలకు ఆడే లాటిన్ నైట్, జూన్ 12 తెల్లవారుజామున రెండు గంటలు, తుపాకీకి బలైన 49 మంది. ఆ క్లబ్బు పెట్టినావిడ తమ్ముడో అన్నో ఎయిడ్స్‌తో పోతే, అతని గుండె చప్పుడు ఆగకూడదని ఆ పేరు పెట్టిందట. అంటే ఆ డాన్స్ ఫ్లోరు మొదటి నుంచీ ఒక చావు మీద కట్టిందే.

తుపాకీ చప్పుడు పెట్టలేదు నేను. ఆ రోజు రాత్రే అమెరికా నాటకరంగపు టోనీ అవార్డుల వేదిక మీద హామిల్టన్ అనే సంగీత నాటక బృందం కూడా తుపాకులు లేకుండానే ఆడింది.

సాయంత్రం అక్కని కూర్చోబెట్టి మొత్తం ఆడి చూపించాను. చనిపోయినవాళ్ల ఫోన్లు మోగే సీన్‌కి కళ్లు తుడుచుకుంది. ఆ వెంటనే నేను సాల్సా అనే లాటిన్ డాన్స్ మొదలెట్టేసరికి మొహం మారింది.

"ఏరా, ఇప్పుడే కదా ఏడిపించావు, మళ్లీ ఈ గంతులేంటి? అక్కడితో ఆపెయ్."

"వాళ్లు వెళ్లింది ఆడటానికే కదక్కా."

ఇంకేం అనలేదు తను. ఒప్పుకుందని కాదు, ఆకలేసి ఉంటుంది.

నిజానికి నాకు కష్టం ఏడుపు కాదు, ఈ డాన్సే. సాల్సా ఇద్దరాడేది. కుడి చెయ్యి అవతలి మనిషి వీపు మీద ఉండాలి. అక్కడ వీపు లేదు. చెయ్యి ఊరికే కిందికి జారిపోతోంది. మూడుసార్లు చేశాక గానీ దాన్ని గాలిలో నిలబెట్టలేకపోయాను.

నాటకం మొదట్లో అందరినీ మణికట్టు పట్టుకుని నాడి 49 సార్లు కొట్టుకునేదాకా లెక్కపెట్టమంటాను. పొద్దున నాకు 40 సెకన్లు పట్టింది. డాన్స్ అయ్యాక, ఆయాసంతో అక్కడే కూలబడి మళ్లీ లెక్కపెట్టాను. 25.