తంగేడు చెవులు

బతుకమ్మకు తంగేడు కోయడానికి వెళ్లినవారి చూపు పసుపు గుత్తుల మీదే ఉంటుంది. ఈసారి ఆకు కాడ కొమ్మను అంటుకునే చోట చూడండి. ఇరువైపులా పచ్చని చిన్న రేకులు, అచ్చం చెవుల్లా నిక్కి ఉంటాయి. 1753లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ ఈ మొక్కకు పేరు పెట్టేటప్పుడు అంత అందమైన పువ్వును వదిలేసి వాటినే పట్టుకున్నాడు. కాసియా ఆరిక్యులేటా అన్నాడు. లాటిన్‌లో ఆరిక్యులా అంటే చిన్న చెవి.

తరువాత దీన్ని సెన్నా అనే ప్రజాతిలోకి చేర్చినవాడు విలియం రాక్స్‌బర్గ్. సామర్లకోటలో ఏళ్ల తరబడి ఉండి, మన మొక్కల తెలుగు పేర్లు అడిగి రాసుకున్న మనిషి. ఆయన 1815లో పోయాడు. ఆయన రాసిన ‘ఫ్లోరా ఇండికా’ సెరాంపూర్‌లో అచ్చయి, సెన్నా ఆరిక్యులేటా అన్న పేరు బయటికి వచ్చింది మాత్రం 1832లో. ఇంటిపేరు మారినా చెవులు నిలిచాయి.

తోళ్లు పదును చేసేవారికి ఇది బెరడు కోసం కావలసిన చెట్టు. తెలంగాణకు రాష్ట్ర పుష్పం. నాకు మాత్రం ఆ లాటిన్ మాట తెలిసినప్పటి నుంచి బతుకమ్మ ఆట వేరేగా కనిపిస్తోంది. మనం గుడిలో దేవుడి ఎదుట చేతులు కట్టుకుని నిలబడతాం. ఇక్కడ తాంబాళంలో పేర్చిన పూలే అమ్మవారు, శిఖరాన పసుపు గౌరమ్మ. చుట్టూ తిరుగుతూ ఆడవాళ్లు ఉయ్యాలో అంటూ చెప్పుకునేవి ఎక్కువగా స్తోత్రాలు కావు. అత్తింటి కష్టాలు, పుట్టింటి మీద బెంగ, అన్న రాలేదన్న అలక. మంత్రానికి నోరు శుద్ధంగా ఉండాలంటారు. ఈ పాటలకు వినే చెవి ఉంటే చాలు.

వింటుంది కాబట్టే అలుగుతుంది కూడా. తొమ్మిది రోజుల్లో ఆరోది అలిగిన బతుకమ్మ. ఆ రోజు పూలు పేర్చరు, ఆట ఉండదు. కారణం ఒక్కో ఊరిలో ఒక్కోలా చెబుతారు. రాయికి అలక అంటగట్టడం కష్టం, తంగేడుకు కాదు.

మా ఇంట్లో పేర్చే ముందు రెమ్మలకున్న ఆకులన్నీ దూసేస్తాం. వాటితో పాటే చెవులూ రాలి, చివరికి చీపురుకు అందుతాయి. కిందటేడు సద్దుల నాడు ఒక్క రెమ్మను దూయకుండా ఉంచి, గౌరమ్మ పక్కన గుచ్చాను. ఆకులు అడ్డొస్తున్నాయని మా అమ్మ రెండుసార్లు తీయబోయింది. కారణం చెప్పాక తానే సర్ది, చెవులు ఆడేవాళ్ల వైపు ఉండేలా తిప్పింది.