ఫ్లాట్ టాప్స్ కొండల్లో ఎల్క్ తిరిగే నేల

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, డెన్వర్ నుంచి ఐ-70 హైవే మీద పడమటికి వెళ్లి, వోల్కాట్ దగ్గర 131 నంబరు రోడ్డు పట్టుకుంటే యాంపా అనే చిన్న ఊరు వస్తుంది. సుమారు మూడు గంటల ప్రయాణం. అక్కడి నుంచి బేర్ నది వెంబడి ఫ్లాట్ టాప్స్ కొండల్లోకి పోయే రోడ్డు స్టిల్‌వాటర్ జలాశయం దగ్గర ఆగిపోతుంది. అప్పటికే 10,000 అడుగుల ఎత్తు దాటి ఉంటాం. సెప్టెంబరులో ఎల్క్ (పెద్ద జాతి జింక) విల్లు వేట మొదలయ్యే లోపు, ఆగస్టులో నేల చూసి రావడానికి మేం ఎంచుకున్న దారి ఇది. దీన్ని ఇక్కడి వేటగాళ్లు స్కౌటింగ్ అంటారు. ఆయుధాలతో పని లేదు. మ్యాపు, బైనాక్యులర్స్, గాలివాటం చూసే పొడి సీసా ఉంటే చాలు.

ఫ్లాట్ టాప్స్ పేరుకు తగ్గట్టే ఉంటాయి. పొరలు పొరలుగా పారి గట్టిపడిన లావా పీఠభూమి ఇది. తర్వాత హిమానీనదాలు దాని అంచులను తొలిచేశాయి. అందుకే పైన బల్లపరుపు గడ్డినేల, దాని అంచున నిట్టనిలువు రాతిగోడ, గోడ కింద రాలిపడిన రాళ్లు, ఆ కింద మెట్లు మెట్లుగా దిగే అడవి. ఆ అంచును రిమ్ అనీ, రాళ్ల వాలును టేలస్ అనీ పిలుస్తారు. టేలస్ మీద బండలు కదులుతాయి. బరువుతో దాన్ని అడ్డంగా దాటడం కంటే కింది అడవి అంచు దాకా దిగి చుట్టు తిరిగి రావడం మేలు.

మ్యాపు దగ్గర కొన్ని లెక్కలు ముందే బుర్రలో ఉండాలి. 1:24,000 టోపో మ్యాపులో అంగుళం అంటే నేల మీద 2,000 అడుగులు. ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత కాంటూర్. ఈ కొండల్లో కాంటూర్ గీతకూ గీతకూ మధ్య ఎత్తు 40 అడుగులు, ప్రతి ఐదో గీత ముదురుగా ఉంటుంది. పావు అంగుళంలో పది గీతలు ఇరుక్కుంటే వాలు 39 డిగ్రీలకు దగ్గర. చేతులు కూడా వాడితే తప్ప ఎక్కలేం. అదే పావు అంగుళంలో ఐదు గీతలే ఉంటే 22 డిగ్రీలు, మాంసం మోసుకుంటూ రాగలిగిన వాలు. గీతలు వి ఆకారంలో ఎగువకు మొన తిప్పితే అది డ్రా, అంటే నీళ్లు దిగే పల్లం. దిగువకు ఉబ్బితే అది కొండ నుంచి దిగిన గట్టు. పెద్ద గట్టు నుంచి చేతివేళ్లలా వరుసగా దిగే చిన్న గట్లు ఫింగర్ రిడ్జ్‌లు. వేలికీ వేలికీ మధ్య ఒక్కో డ్రా.

జలాశయం దాటి లిటిల్ కాజ్‌వే చెరువు వైపు ఎక్కుతుంటే చెట్లు లేని గడ్డి మైదానాలు కనిపిస్తాయి. చిన్నదైనా పెద్దదైనా ఇక్కడ దాని పేరు పార్క్. కొత్తగా వచ్చినవాళ్లు గంటల తరబడి వీటినే చూస్తూ కూర్చుంటారు. ఎల్క్ అక్కడ మేసే మాట నిజమే, కానీ ఎక్కువగా రాత్రిపూట. వెలుగు వచ్చేసరికి అడవిలోకి జారుకుంటాయి. వేట మొదలై మనుషుల అలికిడి పెరిగాక దారిలోంచి కనిపించే పార్కుల్లో పగటిపూట అవి నిలబడటం అరుదు. కనుక గడ్డి మధ్యలో వెతకడం కంటే, అడవిలోకి పోయే జాడలు పార్కు అంచున ఏ మూలలో ఉన్నాయో చూడటం ఉపయోగం.

ఆ జాడలు తీసుకెళ్లేది డార్క్ టింబర్‌లోకి, అంటే నీడ కమ్మిన దట్టమైన అడవిలోకి. ఉత్తరం వైపు వాలులో ఎండ తక్కువ, తేమ ఎక్కువ. అక్కడ ఎంగెల్మన్ స్ప్రూస్, సబ్‌ఆల్పైన్ ఫర్ చెట్లు దట్టంగా పెరుగుతాయి. దక్షిణ వాలు ఎండకు తెరుచుకుని గడ్డితో ఉంటుంది. చలికాలపు వెంట్రుక మొలుస్తున్న ఎల్క్‌కు సెప్టెంబరు ఎండ సరిపడదు. పగలు పడుకునేది ఉత్తర వాలులోనే.

ఆ వాలులో ఎక్కడ? నా దృష్టిలో ఈ కొండల్లో అన్నిటికంటే విలువైన చోటు బెంచ్. నిటారు వాలు మధ్యలో అరుగులా ఆగిన కాస్త చదునైన నేల. వెడల్పు ఇరవై గజాలున్నా ఎల్క్‌కు సరిపోతుంది. మ్యాపులో ఒత్తుగా దిగుతున్న గీతలు ఒకచోట విడిపోయి మళ్లీ దగ్గరైతే అది బెంచ్. చిక్కేమిటంటే, ఇంత ఇరుకైన అరుగులు 40 అడుగుల గీతల మధ్య దాక్కుంటాయి. అసలైన పడకలు చాలావరకు మ్యాపుకు అందని ఈ చిన్న అరుగుల మీదే ఉంటాయి. అందుకే వాలును అడ్డంగా, ఒకే ఎత్తులో నడిచి చూడాలి. దీన్ని సైడ్‌హిల్లింగ్ అంటారు. చీలమండలు విరగకుండా ఎత్తైన బూట్లు కావాల్సింది ఈ నడకకే. నీరు ఊరి నేల తడిగా ఉన్న బెంచ్ మీద వాలో కూడా దొరుకుతుంది. అది ఎదకాలంలో మగ ఎల్క్ పొర్లే బురద గుంట. నీళ్లు ఇంకా కలకగా ఉండి, పక్క చెట్ల మొదళ్లకు తడి బురద అంటి, ఘాటు వాసన వస్తుంటే అది వాడకంలో ఉన్నట్టు. నీళ్లు తేరుకుని ఉంటే దాని మీద రోజంతా వెచ్చించకూడదు.

చెరువు దాటాక దారి ఒక శాడిల్‌కు ఎక్కుతుంది. రెండు ఎత్తుల మధ్య గట్టు దిగిన చోటు అది, మన కనుమ లాంటిది. ఇటు బేర్ నది, అటు విలియమ్స్ ఫోర్క్ తూర్పు పాయ. రెండు నీళ్లూ చివరికి యాంపా నదిలోనే కలుస్తాయి. శాడిల్ దాటి కుడివైపు పోతే డెవిల్స్ కాజ్‌వే. ఇరుకైన చోట నాలుగడుగుల వెడల్పున్న రాతి గట్టు, రెండు పక్కలా అగాధం. యాత్రికులు వచ్చేది దానికోసమే. ఎల్క్ మాత్రం తక్కువ శ్రమతో ఒక లోయ నుంచి ఇంకో లోయకు పోయే దారి చూసుకుంటుంది, కాబట్టి వేటగాడు శాడిల్ మీదే ఆగి గిట్టల గుర్తులు వెతకాలి. అయితే సరిగ్గా శాడిల్ నడుమ మాటు వేయడం మంచిది కాదు. రెండు వైపుల గాలీ అక్కడ కలిసి సుడి తిరుగుతుంది.

గాలి సంగతి తెలియకపోతే పైన చెప్పిన పేర్లేవీ అక్కరకు రావు. రాత్రి చల్లబడ్డ గాలి డ్రాల గుండా కిందికి జారుతుంది. వాలు మీద ఎండ పడి నేల వేడెక్కాక దిశ మారి పైకి లేస్తుంది. ఈ మార్పు తూర్పు వాలులో ముందు, నీడ ఉండే ఉత్తర వాలులో ఆలస్యంగా జరుగుతుంది. సాయంత్రం నీడ కమ్మగానే మళ్లీ కిందికి. దీన్ని థర్మల్స్ అంటారు. ఎల్క్ తరచు గట్టుకు కాస్త దిగువన, వాలులో పై మూడో వంతులో పడుకుంటుంది. గట్టు మీదుగా వచ్చే గాలి వెనుక వాసనను తెస్తుంది, కింది నుంచి లేచే గాలి ముందు వాసనను తెస్తుంది. కాబట్టి తెల్లవారుజామున కింది నుంచి, పొద్దెక్కాక పై నుంచి దగ్గరవ్వాలి. దిశ మారే ఆ గంటలో మాత్రం కదలకుండా ఆగడమే పని. పొడి సీసా నొక్కి చూస్తే ఒకే చోట ఐదు నిమిషాల్లో గాలి అటూ ఇటూ తిరగడం కనిపిస్తుంది.

పైనుంచి చూస్తే కొన్ని వాలుల్లో బూడిదరంగు చెట్ల మోడులు కనిపిస్తాయి. 1939లో పెనుగాలికి కూలిన స్ప్రూస్ చెట్లలో బెరడు పురుగు పెరిగి, 1940లలో ఈ పీఠభూమి అడవిని విస్తారంగా చంపింది. అలా కూలి అడ్డదిడ్డంగా పడ్డ దుంగల నేలను డెడ్‌ఫాల్ అంటారు. మ్యాపులో ఇది పచ్చరంగు అడవిగానే ఉంటుంది, నడిస్తే మైలుకు రెండు మూడు గంటలు పట్టవచ్చు. ఉపగ్రహ చిత్రంలో గీతల్లా కనిపించే దుంగలను ముందే చూసుకోవాలి.

ఇక హోల్. నాలుగు వైపులా నిటారు వాలు, డెడ్‌ఫాల్, అడుగున వాగు ఉన్న లోతైన చోటు. మనుషులు దిగరు కనుక ఎల్క్ అక్కడ నిశ్చింతగా ఉంటుంది. మగ ఎల్క్ మూడు క్వింటాళ్లు తూగుతుంది. ఎముక తీసేసినా మాంసం 200 పౌండ్లు దాటవచ్చు, మనిషికి 50 పౌండ్ల చొప్పున నాలుగైదు మోతలు. ఫ్లాట్ టాప్స్ వైల్డర్‌నెస్ ప్రాంతం, అంటే చట్టం కాపాడే సహజ అడవి, అందులో చక్రాల బండి నిషిద్ధం. గుర్రం గానీ వీపు గానీ మోయాలి. దిగే ముందు అడుగు నుంచి దారి దాకా మ్యాపులో కాంటూర్ గీతలు లెక్కపెట్టాలి. ఇరవై ఉంటే 800 అడుగుల ఎక్కుడు, ఐదు మోతలకు 4,000 అడుగులు. సెప్టెంబరు మధ్యాహ్నపు వేడిలో మాంసం పాడవక ముందే అంత ఎక్కగల తోడు లేకపోతే ఆ హోల్‌లోకి దిగకూడదు.