రెండు నిమిషాల సీటు

బైకుకు కొత్త సన్నని సీటు బిగించిన రోజు బండికి స్టాండు వేసి, పక్కన నిలబడి చాలాసేపు చూసుకున్నాను. ట్యాంకు అంచు నుంచి వెనక దీపం దాకా ఒకే గీత. కంపెనీ సీటుకు వెనక మెట్టులా ఒక ఎత్తు ఉండేది. అది పోయి పాతకాలపు రేసు బళ్ల వాటం వచ్చింది. పైన డైమండ్ గళ్లలా వేసిన కుట్టు. కూర్చుని చూశానా అంటే చూశాను, రెండు నిమిషాలు. రెండు నిమిషాలైతే గోడ మీద కూడా హాయిగా కూర్చోవచ్చు.

అసలు సంగతి నలభై నిమిషాల ప్రయాణం తర్వాత తెలిసింది. మొదట తిమ్మిరి, ఆ తర్వాత కూర్చున్నచోట రెండు ఎముకల కింద సరిగ్గా రెండు నొప్పులు. ట్యాంకు నిండుగా ఉన్నా పెట్రోలు బంకు కనబడగానే ఆగాను. మా ఆవిడ దిగి నడుము మీద చెయ్యి వేసుకుని నిలబడింది. ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

గట్టిగా ఉంది కనుక మెత్తగా చేయిస్తే సరిపోతుందనుకున్నాను. పైన జెల్ మెత్త వేశాను. ఎండలో నిలిపి వచ్చేసరికి పెనమైంది. తర్వాత లోపల మెత్తని స్పాంజి పెట్టించాను. పావుగంటలో అది పూర్తిగా అణిగిపోయి, అడుగున ఉన్న ప్లాస్టిక్ పలక తగలడం మొదలైంది. ముందున్నదే నయమనిపించింది.

చివరికి సీట్లు కుట్టే మేస్త్రి దగ్గరికి వెళ్లాను. ఆయన సీటు బోర్లించి, స్టాపిల్ పిన్నులు ఒక్కొక్కటే పీకి, రెగ్జిన్ ఒలిచి, స్పాంజిని బొటనవేలితో నొక్కి చూశాడు.

"మెత్తదనంతో పని కాదు సార్. పలకే ఇరుకు. మీ బరువంతా రెండు చోట్లే పడుతోంది. పాత సీటు ఉందా?"

అటక మీద ఉంది. దాని పలక వెడల్పయినదే, కానీ దానికి ముందుకు వాలు ఉంది. బ్రేకు వేసినప్పుడల్లా ట్యాంకు మీదికి జారి, ఒంటి బరువు చేతులతో ఆపుకోవడం నాకు గుర్తే. మణికట్ల నొప్పికి హ్యాండిల్‌ను తిట్టుకున్న రోజులవి.

మేస్త్రి ఆ పాత సీటునే తీసుకుని, వాలును గట్టి స్పాంజితో సరిచేసి, కూర్చునేచోట వెడల్పు పెంచాడు. ట్యాంకు దగ్గర మాత్రం రెండు అంచులూ చెక్కి సన్నం చేశాడు. అక్కడ వెడల్పుగా ఉంటే తొడలు ఎడమై, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు పాదం నేలకు పూర్తిగా ఆనదు. ఆ తర్వాత ఆయన చేసిన పని నాకు బాగా నచ్చింది: రెగ్జిన్ బిగించకుండా, ఉత్త స్పాంజి మీద గుడ్డ కప్పి, గంటసేపు బండి మీద తిరిగి రమ్మన్నాడు. అలా మూడుసార్లు తిరిగాను. నేను ఎక్కడ నొక్కుతోందని చెబితే అక్కడ చెక్కడం, మళ్లీ పంపడం. ఒకసారి కవరు బిగించాక ఎవరైనా ఇంత ఓపిక పడతారా?

వెనక మెట్టు మొత్తం తీసేయమన్నాను. మూడోసారి మా ఆవిడ కూడా వచ్చి కూర్చుంది. "రెండు వేళ్ల ఎత్తయినా ఉంచండి" అంది. ఉంచాం. డైమండ్ కుట్టు దగ్గర మేస్త్రి ససేమిరా అన్నాడు. సూది పడిన ప్రతి రంధ్రం నుంచీ వాన నీరు లోపలికి దిగుతుందట. స్పాంజి తాగిన నీరు కూర్చోగానే ప్యాంటుకు అంటుకుంటుందట. చివరకు పక్కల మాత్రం కుట్టి, పైభాగం సాదాగా వదిలేశాడు. పక్కనుంచి చూస్తే ఆ కుట్టే కనబడుతుంది, నాకు కావలసిందీ అంతే.

మొన్న మూడు గంటల ప్రయాణంలో ఒక్కసారే ఆగాం, అదీ టీ కోసం. సన్నని సీటు ఇప్పుడు అటకెక్కింది. అమ్మేయమని ఇంట్లో పోరు. ఎప్పుడైనా బండికి ఫొటో తీయాల్సి వస్తే పనికొస్తుందని ఇంకా ఉంచాను.