పీస్ కమిటీకి పేర్లిస్తే బైండోవర్ చేశారు: నా అనుభవం

2025లో సెప్టెంబరు 5న మిలాద్ (ప్రవక్త పుట్టినరోజు), 6న వినాయక నిమజ్జనం. రెండూ చంద్రుణ్ని బట్టి వచ్చేవే. ఒకటి నెలలో పన్నెండో రోజు, రెండోది చతుర్దశి. మధ్యలో అధికమాసం పడేదాకా ఇలా జంటగానే వస్తాయి. 2023లో రెండూ సెప్టెంబరు 28నే పడితే హైదరాబాదులో ముస్లిం పెద్దలు మిలాద్ జులూసును (ఊరేగింపును) అక్టోబరు 1కి వాయిదా వేసుకున్నారు. మా పట్టణంలో అంత మాట చెల్లుబడి అయ్యే పెద్దలెవరూ లేరు. అందుకే ఊరేగింపులో గొడవ రాకుండా చూసుకోవడానికి కుర్రాళ్లమే వాలంటీర్లుగా పూనుకున్నాం: పద్నాలుగు జంటలు, ప్రతి జంటలో ఒకరు మండపం నుంచి, ఒకరు మసీదు గల్లీ నుంచి.

మండపం పర్మిషన్ ఆన్‌లైన్‌లోనే అయిపోయింది. వాలంటీర్ల టీషర్టు రంగు దగ్గర మాత్రం రెండు రోజులు పోయాయి. కాషాయం, ఆకుపచ్చ వద్దు సరే. గులాబీ, నీలం, పసుపు, ఏది పట్టుకున్నా ఏదో ఒక పార్టీదే. చివరికి బూడిద రంగు.

అసలు దెబ్బ స్టేషన్లో తగిలింది. పీస్ కమిటీ (పండగల ముందు పోలీసులు రెండు వర్గాల వాళ్లతో పెట్టే శాంతి కమిటీ) కోసం వాలంటీర్ల లిస్టు ఇమ్మన్నారు. ఇరవై ఎనిమిది మంది పేర్లు, తండ్రి పేర్లు, ఫోన్ నంబర్లు, ఆధార్ జిరాక్సులు ఫైలు కట్టి మరీ ఇచ్చాం. నాలుగో రోజు అందులో ఇద్దరికి తహసీల్దారు ఆఫీసుకు రమ్మని ఫోన్. శాలువా కప్పుతారేమోనని అందరం ఇస్త్రీ చొక్కాలేసుకుని వెళ్లాం. తీరా చూస్తే బైండోవర్, అంటే గొడవ చేయబోమని పూచీ రాయించుకోవడం! పొద్దున పదింటి నుంచి సాయంత్రం ఐదింటి దాకా నాటుసారా కేసుల వాళ్ల పక్కన వరండాలో నిలబెట్టి, లక్ష రూపాయల బాండు, ఏడాది గడువు రాయించుకున్నారు. ఎందుకని అడిగితే, "పండగలప్పుడు ఇన్ని చేయాలని ఉంటుంది తమ్ముడూ" అన్నాడు అక్కడి కానిస్టేబుల్.

ఇంటికొచ్చి చదివితే తెలిసింది. బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 126 (పాత 107) కింద పిలిస్తే, ముందు సెక్షన్ 130 ప్రకారం రాతపూర్వకంగా ఉత్తర్వు ఉండాలి: ఏ సమాచారం మీద పిలిచారు, బాండు ఎంత, ఎంతకాలం. ఎదుట ఉన్నవాడికి దాన్ని చదివి వినిపించాలి. మాకు కాగితమూ లేదు, వినిపించడమూ లేదు. నింపని ఫారం మీద సంతకం పెట్టడం మా బుద్ధి తక్కువ.

కాబట్టి లిస్టులో పేరు, ఫోన్ నంబరు చాలు. ఆధార్ ఇవ్వొద్దు. "ఫలానా ఊరేగింపుకు శాంతి వాలంటీర్లు" అని పైన లెటర్ పెట్టండి, రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ఆర్డీవో ఆఫీసు ఇన్‌వార్డులో ఇంకో కాపీ ఇవ్వండి. పీస్ కమిటీ మీటింగులో ముందు కుర్చీల్లో కూర్చునే పెద్దమనుషుల చేతికి మాత్రం ఇవ్వకండి. సమోసా తిని ఫొటో దిగాక వాళ్లకు మన గల్లీ ఎటుందో గుర్తుండదు.

పోలీసులంతా ఇంతేనని అనను. మహారాష్ట్రలోని భివండీలో 1988లో మొహల్లా కమిటీలు (వాడవాడలా రెండు మతాల వాళ్లను కలిపిన కమిటీలు) మొదలుపెట్టింది సురేశ్ ఖోపడే అనే పోలీసు అధికారే. 1992-93లో పక్కనే ముంబై మత అల్లర్లతో తగలబడుతుంటే ఆ ఊరు ప్రశాంతంగా ఉంది.

ఇక ఊరేగింపు. ట్రాక్టరు ఎక్కడ ఆగుతుందో ముందే నడిచి చూడండి. మసీదు ఎదుట కరెంటు తీగ కిందికి వేలాడుతుంటే విగ్రహం అక్కడే ఆగుతుంది, ఆగిన చోటే డ్యాన్సు మొదలవుతుంది. మేం లైన్‌మన్‌ను పట్టుకుని తీగ పైకి కట్టించాం. గొడవలు చాలావరకు గోడ మీద పడ్డ గులాల్‌తో మొదలవుతాయి. ముందు రాత్రే మసీదు గేటుకు టార్పాలిన్ కట్టాలి, అదీ మండపం కుర్రాళ్లే కట్టాలి. పాటల సంగతి మండపం వాళ్లతో కాదు, డీజే ఆపరేటరుతో తేల్చుకోండి. పొరుగూరి వాడికి ఏ గల్లీలో ఉన్నాడో తెలియదు. ముందు రోజే పెన్‌డ్రైవ్ అంతా విని మేం రెచ్చగొట్టే పాటలు తీయించాం. ఇషా (రాత్రి) నమాజులోపు మసీదు దాటలేకపోతే మలుపు ఇవతలే ఆపాలి, మసీదు ముందుకొచ్చాక ఆపితే పని చెడుతుంది. వాట్సాప్‌లో పుకారు వస్తే, ఖండించడానికైనా ఆ ఫొటో మళ్లీ పంపొద్దు. దగ్గర్లో ఉన్న జంట వెళ్లి అప్పటికప్పుడు ఫొటో తీసి పెట్టాలి.

ఆసారి ఒక్క రాయి పడలేదు. 2026లో అధిక జ్యేష్ఠం ఉంది కాబట్టి చవితి ఆలస్యంగా వస్తుంది, మిలాద్ ఆగస్టులోనే అయిపోతుంది.

ఆ తర్వాత స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది, దసరా పీస్ కమిటీకి కుర్రాళ్లను తీసుకురమ్మని. ఫోన్ చేసింది బాండు రాసిన ఆ ఇద్దరికే.